విరామం తరువాత బరువుల వ్యాయామం, స్టెరాయిడ్ల వాడకం

ఒకప్పుడు క్రమం తప్పక బరువులెత్తి, ఉద్యోగం, వివాహం, గాయం, జబ్బు వంటి కారణాలచేత కొన్ని నెలలు గాని, కొన్ని సంవత్సరాలు గాని సాధన మానివేసినవారు మరల దానికి పూనుకొనడాన్ని ఈ వ్యాసంలో '''విరామం తరువాత బరువుల వ్యాయామం''' అని వ్యవహరించడం జరిగింది. ఇలా తిరిగి వచ్చేవారిలో కొందరు పోయిన కండను త్వరగా రాబట్టుకోవాలనే తొందరలో '''అనబాలిక్ స్టెరాయిడ్లు''' అనే మందులను ఆశ్రయిస్తారు. పూర్వం వాటిని వాడి మానినవారు మళ్ళీ వాడడం కూడా కనిపిస్తుంది. పోయిన కండ చాలావరకు మందు లేకుండానే, మొదటిసారి పట్టిన కాలంలో కొద్ది భాగంలోనే తిరిగి వస్తుందని గత మూడు నాలుగు దశాబ్దాల పరిశోధనలు తెలుపుతున్నాయి. ఈ సంగతి తెలియకపోవడంచేత శరీరం స్వయంగా చేసిన పనికి ఖ్యాతి సూదిమందుకు దక్కుతున్నది.

పరిభాష

స్టెరాయిడ్ అనేది ఒకే మందు పేరు కాదు. నాలుగు కర్బన వలయాలు కలిసిన ఒక ప్రత్యేక నిర్మాణం గల రసాయనాలన్నింటికీ ఉమ్మడిగా పెట్టిన పేరు. కొలెస్టరాల్ కూడా ఈ కుటుంబానికి చెందినదే. ఉబ్బసానికి, కీళ్ళవాతానికి, కొన్ని చర్మవ్యాధులకు వైద్యులు ఇచ్చే ప్రెడ్నిసొలోన్, డెక్సామిథాసోన్ వంటివి కార్టికోస్టెరాయిడ్లు. 2020-21 కోవిడ్ కాలంలో తెలుగు ఇళ్ళలో బాగా వినిపించిన స్టెరాయిడ్లు ఇవే. ఇవి కండను పెంచవు, సరికదా దీర్ఘకాలం వాడితే కండను క్షీణింపజేస్తాయి. వ్యాయామశాలల్లో వినిపించే స్టెరాయిడ్లు వేరు. అవి పురుష హార్మోను అయిన టెస్టోస్టిరోన్, దానిని పోలిన కృత్రిమ పదార్థాలు. నాండ్రోలోన్, స్టానోజోలాల్, మిథాన్‌డైయనోన్, ఆక్సాండ్రోలోన్ వీటిలో ముఖ్యమైనవి. "స్టెరాయిడ్లు ప్రమాదం" అని ఎక్కడో విని, ఉబ్బసానికి వైద్యుడిచ్చిన మందును హఠాత్తుగా ఆపివేసేవారు ఉన్నారు. దీర్ఘకాలంగా వాడుతున్న కార్టికోస్టెరాయిడ్‌ను అలా ఆపడం ప్రాణాపాయం తేగలదు గనుక ఈ భేదాన్ని మొదటే చెప్పవలసి వచ్చింది.

ఈ మందులు కొంతకాలం వాడి, కొంతకాలం ఆపి, మరల వాడడాన్ని వ్యాయామశాలల భాషలో "సైకిల్" అంటారు.

సాధన మానినప్పుడు జరిగేది

రెండు మూడు వారాలు మానినంత మాత్రాన బలం పెద్దగా తగ్గదు. ముందుగా తగ్గేది దమ్ము. రక్తంలోని ద్రవభాగం కొద్ది రోజుల్లోనే తగ్గి, అదే మెట్లు ఎక్కినా ఆయాసం వస్తుంది. నెల దాటిన తరువాత కండర తంతువులు సన్నబడడం మొదలవుతుంది. ఎత్తే పనికి కావలసిన నాడుల సమన్వయం మాత్రం చాలాకాలం నిలుస్తుంది. ఈత, సైకిలు తొక్కడం మరచిపోనట్లే, బరువును ఎలా పట్టాలో, నడుము ఎలా నిలపాలో శరీరం మరచిపోదు. ఏళ్ళ తరువాత వచ్చినవారు మొదటి రోజునే కొత్తవారికంటె ఎక్కువ బరువు ఎత్తగలగడానికి ఇది ఒక కారణం. మొదటివారంలోనే గాయపడడానికి కూడా ఇదే కారణం.

విరామం పది పదిహేనేళ్ళయితే దానిలో వయస్సు పాలు కూడా ఉంటుంది. ముప్పై ఏళ్ళు దాటిన తరువాత వ్యాయామం లేనివారిలో కండ దశాబ్దానికి 3 నుండి 8 శాతం వరకు తగ్గుతుందని అంచనా. అయినా వయస్సు కారణంగా ద్వారం పూర్తిగా మూసుకుపోదు. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో 86 నుండి 96 ఏళ్ళ వయస్సు గల పదిమందితో ఎనిమిది వారాల బరువుల శిక్షణ మొదలుపెట్టారు. దానిని పూర్తిచేసిన తొమ్మిదిమంది కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది.

కండర స్మృతి

కండరానికి నిజంగా మెదడువంటి జ్ఞాపకశక్తి లేదు. ఒకసారి పెరిగి తగ్గిన కండరం రెండవసారి సులభంగా పెరగడాన్ని కండర స్మృతి అంటున్నారు. వ్యాయామశాలల ఉస్తాదులకు ఈ విషయం ఎప్పటినుండో తెలిసినదే. దానిని కొలిచి చూపిన తొలి పరిశోధనలలో ఒకటి 1991లో వెలువడింది. ఆరుగురు స్త్రీలు 20 వారాలు బరువులెత్తి, 30-32 వారాలు పూర్తిగా మానివేసి, మరల సాధన చేశారు. తంతువుల పరిమాణంలో, బలంలో వారు పోగొట్టుకున్నది ఆరు వారాలలోనే తిరిగి సంపాదించారు. 2024లో ఫిన్‌లాండు శాస్త్రజ్ఞులు ప్రచురించిన అధ్యయనంలో ఒక జట్టు 20 వారాలు విడవకుండా శిక్షణ పొందింది. మరొక జట్టు పది వారాలు చేసి, పది వారాలు మాని, మళ్ళీ పది వారాలు చేసింది. చివరకు రెండు జట్ల బలం, కండ దాదాపు సమానంగానే ఉన్నాయి.

దీనికి కారణంగా చెప్పే సిద్ధాంతాలు ప్రధానంగా రెండు. సాధారణ కణానికి ఒక కేంద్రకం ఉంటుంది. కండర తంతువు పొడవైన కణం గనుక దానిలో వందల కొద్దీ కేంద్రకాలుంటాయి. ఒక్కొక్క కేంద్రకం తన చుట్టూ కొంత మేరకు మాత్రమే మాంసకృత్తుల తయారీని నడపగలదు. తంతువు లావెక్కవలసి వచ్చినప్పుడు దాని అంచునే నిద్రాణంగా ఉన్న ఉపగ్రహ కణాలు విభజన చెంది కొత్త కేంద్రకాలను అందిస్తాయి. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టియన్ గుండర్సన్ బృందం 2010లో ఎలుకలపై చూపినదేమంటే, కొత్త కేంద్రకాలు తంతువు లావెక్కడానికి ముందే చేరతాయి, తంతువు మళ్ళీ సన్నబడినా అవి పోవు. కూలీలను పిలిపించుకొన్న మేస్త్రీ పని ఆగినా వారిని పంపివేయకుండా ఉంచుకొన్నట్లన్నమాట. మనుషులలో ఈ కేంద్రకాలు ఎంతకాలం నిలుస్తాయనే విషయంపై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు.

రెండవ సిద్ధాంతం జన్యువులకు సంబంధించినది. 2018లో బ్రిటనులో ఎనిమిదిమంది పురుషులు ఏడు వారాలు సాధన, ఏడు వారాల విరామం, తిరిగి ఏడు వారాల సాధన చేశారు. మొదటి సాధనలో డీఎన్ఏ మీద ఏర్పడిన కొన్ని రసాయనిక గుర్తులు విరామంలో చెరిగిపోలేదనీ, రెండవసారి ఆ జన్యువులు మరింత చురుకుగా పనిచేశాయనీ తేలింది. ఈ రెండు సిద్ధాంతాలూ ఒకదానికొకటి విరుద్ధమైనవి కావు.

ఖ్యాతి ఎవరికి?

తిరిగి వచ్చిన కండకు కారణాన్ని పొరబాటుగా గుర్తించడం ఈ రంగంలో కొత్త కాదు. మూడు ప్రసిద్ధ ఉదాహరణలు చెప్పవచ్చు.

1889 జూన్‌లో చార్లెస్ ఎడ్వర్డ్ బ్రౌన్-సెకార్ అనే ప్రఖ్యాత శరీరధర్మ శాస్త్రజ్ఞుడు, అప్పటికి ఆయన వయస్సు 72, పారిస్‌లోని పండితసభలో ఒక ప్రకటన చేశాడు. కుక్కల, గినీ పందుల వృషణాలను నూరి తీసిన ద్రవాన్ని తాను సూదిద్వారా ఎక్కించుకొన్నాననీ, ఎన్నడో పోయిన దేహబలం తిరిగి వచ్చిందనీ దాని సారాంశం. ఐరోపా అంతటా ఈ వైద్యం వెర్రిలా వ్యాపించింది. టెస్టోస్టిరోన్ నీటిలో సరిగా కరగదు. ఆయన ఎక్కించుకొన్న నీటి ద్రవంలో హార్మోను ఉండే అవకాశం అత్యల్పం. ఆయనకు వచ్చిన బలం నమ్మకపు బలమే.

రెండవది దీనికి తిరగబడ్డ కథ. 1960ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని యార్క్ పట్టణపు బరువులెత్తే క్రీడాకారులు కొందరు అనూహ్యమైన ప్రగతి చూపారు. కదలని కడ్డీని బలంకొద్దీ నెట్టే ఐసోమెట్రిక్ వ్యాయామమే దీనికి కారణమని విస్తారంగా ప్రచారం జరిగింది. దానికి కావలసిన పరికరాలు వేల సంఖ్యలో అమ్ముడుపోయాయి. అసలు సంగతి తరువాత బయటపడింది. జట్టు వైద్యుడు జాన్ జీగ్లర్ వారికి డయానాబాల్ మాత్రలు ఇస్తుండేవాడు.

మూడవది కొలరాడో ప్రయోగం. 1973 మే నెలలో కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కేసీ వయాటర్ అనే యువ దేహధారుఢ్య వీరుడు 28 రోజులు శిక్షణ పొందాడు. శిక్షణ ఇచ్చినది నాటిలస్ యంత్రాల రూపకర్త ఆర్థర్ జోన్స్. వయాటర్ బరువు 166.87 పౌండ్ల నుండి 212.15 పౌండ్లకు పెరిగిందనీ, తరిగిన కొవ్వును లెక్కిస్తే కండ 63 పౌండ్లకు పైగా పెరిగిందనీ ప్రకటించారు. నాలుగు వారాలలో 28 కిలోల కండ అంటే ఎవరైనా నివ్వెరపోవలసిందే. అయితే వయాటర్ అంతకు రెండేళ్ళ క్రితమే 1971లో మిస్టర్ అమెరికా బిరుదు పొందినవాడు. ప్రమాదంలో గాయపడి, ఆపై ఒక సూదిమందు వికటించి, సాధన మాని బాగా చిక్కిపోయిన స్థితిలో ప్రయోగం మొదలైంది. అతడు కొత్తగా కండ పెంచలేదు, పోయినదానిని రాబట్టుకొన్నాడు. యంత్రాల ప్రకటనలలో ఈ మాట అంత ప్రముఖంగా కనిపించలేదు.

నేటి వ్యాయామశాలలో జరిగే పొరబాటు ఈ మూడవ దానివంటిదే. ఐదారేళ్ళ తరువాత వచ్చిన మనిషి మొదటి వారంలోనే సూదిమందు మొదలుపెడతాడు. రెండు నెలలలో చొక్కా బిగుతవుతుంది. అందులో మందు పాలు ఎంత, స్మృతి పాలు ఎంత అని వేరు చేసి చూపే తక్కెడ అతని వద్ద లేదు. చూసిన పదిమంది మాత్రం మందు పేరే అడుగుతారు.

స్టెరాయిడ్ల చరిత్ర

టెస్టోస్టిరోన్‌ను 1935లో ఆంస్టర్‌డాంలో ఎర్నెస్ట్ లాకర్ బృందం ఎద్దుల వృషణాల నుండి వేరుచేసింది. అదే సంవత్సరం అడాల్ఫ్ బ్యూటెనాంట్, లియోపోల్డ్ రుజికా దానిని విడివిడిగా కృత్రిమంగా తయారుచేశారు. 1939 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వీరిద్దరికీ లభించింది. సీబా సంస్థ 1958లో అమెరికాలో మిథాన్‌డైయనోన్‌ను డయానాబాల్ పేరుతో విడుదల చేసింది. కలియుగ భీముడుగా పేరొందిన కోడి రామ్మూర్తి నాయుడు (1882-1942) తరంవారి బలప్రదర్శనలన్నీ ఈ మందులు వ్యాయామశాలలకు చేరక పూర్వపువి.

అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 1975లో వీటిని నిషేధించి, 1976 మాంట్రియల్ క్రీడలలో పరీక్షలు ప్రవేశపెట్టింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగును 9.79 సెకండ్లలో ముగించిన కెనడా క్రీడాకారుడు బెన్ జాన్సన్ మూత్రంలో స్టానోజోలాల్ కనబడడంతో పతకం పోయింది. రెండేళ్ళ నిషేధం ముగిసి 1991లో తిరిగి వచ్చిన జాన్సన్ పూర్వపు వేగం అందుకోలేకపోయాడు. 1993లో టెస్టోస్టిరోన్ పరీక్షలో మళ్ళీ పట్టుబడి జీవితకాల నిషేధానికి గురయ్యాడు. విరామానంతరం మందుకే తిరిగి వెళ్ళినవారి కథలలో లోకమంతటికీ తెలిసినది ఇదే.

పరీక్షలు లేని దేహధారుఢ్య పోటీల చరిత్ర వేరు. ఆర్నాల్డ్ ష్వార్జనెగర్ 1975లో విరమించి, ఐదేళ్ళ తరువాత 1980లో సిడ్నీలో జరిగిన మిస్టర్ ఒలింపియా పోటీకి కొద్ది వారాల సాధనతో వచ్చి గెలిచాడు. తన పోటీల కాలంలో స్టెరాయిడ్లు వాడినట్లు ఆయనే పలుమార్లు చెప్పాడు. నాటికి అమెరికాలో వీటిపై కఠినమైన చట్టం లేదు, అది 1990లో వచ్చింది.

కండరంపై ప్రభావం

ఈ మందులు పనిచేయవని చాలాకాలం వైద్యులు చెబుతూ వచ్చారు. కళ్ళెదుట కనబడేదానిని కాదనడంవల్ల వ్యాయామశాలలలో వైద్యుల మాటకు విలువ తగ్గింది. 1996లో శలేందర్ భాసిన్ బృందం ఈ వివాదాన్ని తేల్చింది. 43 మంది పురుషులను నాలుగు జట్లుగా చేసి, సగం మందికి చికిత్సలో ఇచ్చేదానికి సుమారు ఆరు రెట్లు టెస్టోస్టిరోన్, మిగతావారికి ఉత్తుత్తి సూది పది వారాలు ఇచ్చారు. ప్రతి విభాగంలోను సగం మంది బరువులెత్తారు, సగం మంది ఎత్తలేదు. వ్యాయామం మాత్రమే చేసినవారికి కొవ్వు కాని దేహభాగం 1.9 కిలోలు పెరిగింది. ఏ వ్యాయామమూ లేక మందు మాత్రమే తీసుకొన్నవారికి 3.2 కిలోలు, రెండూ చేసినవారికి 6.1 కిలోలు పెరిగింది. కాబట్టి మందు పనిచేస్తుంది. పనిచేసే మందు గనుకనే దాని మూల్యం గురించి తెలుసుకోవలసి ఉంటుంది.

టెస్టోస్టిరోన్ కణంలోనికి వెళ్ళి ఆండ్రోజన్ గ్రాహకాలతో కలిసి మాంసకృత్తుల తయారీని పెంచుతుంది, ఉపగ్రహ కణాలను మేల్కొలుపుతుంది. అనగా కేంద్రకాల సంఖ్యను కూడా పెంచుతుంది. గుండర్సన్ బృందమే 2013లో దీనిని పరీక్షించింది. ఎలుకలకు రెండు వారాలు టెస్టోస్టిరోన్ ఇచ్చి ఆపివేశారు. మూడు వారాలకల్లా కండ మామూలు స్థితికి వచ్చింది, కేంద్రకాలు మాత్రం మూడు నెలలైనా తగ్గలేదు. అప్పుడు కండరంపై అధిక భారం మోపగా ఆరు రోజులలో తంతువులు 31 శాతం పెరిగాయి. మందు ఎన్నడూ ఎరుగని ఎలుకలలో ఆ గడువులో చెప్పుకోదగిన పెరుగుదల లేదు. మూడు నెలలు అంటే ఎలుక ఆయుర్దాయంలో పదవ వంతుకు పైనే. ఇది మనుషులకూ వర్తిస్తే, మందు వాడి నిషేధం అనుభవించి వచ్చిన క్రీడాకారుడు శుభ్రమైన పరీక్షతోనే ఇతరులకంటె ముందుంటాడన్నమాట. ఉద్దేశపూర్వక నేరానికి నిషేధం 2015లో రెండేళ్ళ నుండి నాలుగేళ్ళకు పెరిగినా ఈ చర్చ ముగియలేదు.

ఔత్సాహికునికి దీని అర్థం వేరు. పూర్వం వాడినవాడు తిరిగి వచ్చినప్పుడు పాత లాభం కొంత అతనితోనే ఉండవచ్చు. మరల మందు వాడితే కొత్తగా చేరేది అతడు ఊహించినంత ఉండదు, ప్రమాదం మాత్రం మొదటినుండి మొదలవుతుంది.

మందు ఆపిన తరువాత హార్మోను వ్యవస్థ

వాడేవారికి చాలామంది చెప్పని భాగం ఇదే. మెదడులోని హైపోథలమస్ పీయూష గ్రంథిని, పీయూష గ్రంథి వృషణాలను ప్రేరేపిస్తాయి. రక్తంలో టెస్టోస్టిరోన్ తగినంత ఉన్నప్పుడు పై నుండి ప్రేరణ తగ్గుతుంది. పై తొట్టి నిండగానే తేలే బంతి నీటి ధారను ఆపినట్లు ఇది పనిచేస్తుంది. బయటినుండి హార్మోను వచ్చిపడుతుంటే తొట్టి ఎల్లప్పుడూ నిండే ఉంటుంది గనుక ప్రేరణ దాదాపు పూర్తిగా నిలిచిపోతుంది. వృషణాలు పనిలేక చిన్నవవుతాయి, శుక్రకణాల ఉత్పత్తి తగ్గిపోతుంది.

సైకిల్ ముగిసిననాడు బయటి సరఫరా ఆగుతుంది, లోపలి ఉత్పత్తి ఇంకా మొదలుకాదు. ఈ మధ్యకాలం కొందరికి కొన్ని వారాలు, చాలామందికి నెలలు, దీర్ఘకాలం వాడినవారికి ఏడాదికి పైగా కూడా ఉంటుంది. నీరసం, నిద్రలేమి, కోరిక తగ్గడం, దిగులు, కండ కరగడం ఈ కాలపు లక్షణాలు. దిగులు తీవ్రమై ఆత్మహత్యా భావాలకు దారితీసిన సందర్భాలు వైద్య గ్రంథాలలో నమోదయ్యాయి. ఈ బాధ భరించలేక మళ్ళీ సూది తీసుకొంటే రెండు మూడు వారాలలో ఉపశమనం కలుగుతుంది. దానితో "మందు లేకపోతే నేను మనిషిని కాను" అనే నిశ్చయం బలపడుతుంది. వాడేవారిలో సుమారు మూడవ వంతు మంది ఇలా ఆధారపడిపోతారని అంచనాలున్నాయి. ఏళ్ళ తరువాత వ్యాయామశాలకు తిరిగి వచ్చి "నాకు ఇప్పుడు మందు తప్పదు" అనుకొనే పూర్వ వినియోగదారులలో కొందరికి నిజంగానే హార్మోను లోపం మిగిలి ఉండవచ్చు. అది రక్తపరీక్షతో తెలుస్తుంది. ఉదయం వేళ కనీసం రెండు వేర్వేరు రోజులలో టెస్టోస్టిరోన్‌ను కొలిచి, పీయూష గ్రంథి హార్మోన్లను కూడా చూసి వినాళ గ్రంథుల నిపుణులు నిర్ణయిస్తారు. లోపం ఉన్నవారికి చికిత్స ఉంది. పిల్లలు కావాలనుకొనేవారికి టెస్టోస్టిరోన్ ఇవ్వరు, అది శుక్రకణాలను ఇంకా తగ్గిస్తుంది గనుక. పురుషులకు టెస్టోస్టిరోన్ ఎక్కించుకుంటే సంతానశక్తి పెరుగుతుందనే నమ్మకం మన ప్రాంతంలో విస్తారంగా వినబడుతుంది. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఇతర ప్రమాదాలు

గుండె విషయం అన్నిటికంటె ముఖ్యమైనది. 2017లో అమెరికాలో 140 మంది బరువులెత్తేవారిని పరీక్షించారు, వారిలో 86 మంది దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడినవారు. ఎడమ జఠరిక ఒక్కొక్క స్పందనకు బయటికి పంపే రక్తం వాడనివారిలో సగటున 63 శాతం, వాడినవారిలో 52 శాతం ఉంది. వాడుతూ ఉన్నవారికంటె మానినవారి స్థితి మెరుగ్గా కనిపించింది. 2024లో ప్రచురితమైన డెన్మార్క్ అధ్యయనం 1,189 మంది వినియోగదారులను సగటున 11 ఏళ్ళు గమనించింది. అదే వయస్సు గల ఇతరులతో పోలిస్తే వారిలో మరణాల రేటు సుమారు మూడు రెట్లుగా తేలింది. మంచి కొలెస్టరాల్ పడిపోవడం, రక్తపోటు, ఎర్రకణాలు అతిగా పెరిగి రక్తం చిక్కబడడం ఇందుకు తోడవుతాయి.

ఇరవై అయిదేళ్ళనాడు పడ్డ మోతాదు నలభై అయిదేళ్ళకూ పడుతుందనుకోవడం తిరిగి వచ్చేవారి పెద్ద పొరబాటు. ఆ మధ్యలో రక్తపోటు, మధుమేహం, కొలెస్టరాల్ వచ్చి చేరి ఉండవచ్చు. వాటికి చాలాకాలం లక్షణాలు కనిపించవు.

స్నాయుబంధనాలది మరొక సమస్య. కండరాన్ని ఎముకకు కలిపే ఈ పట్టీలకు రక్తప్రసరణ తక్కువ, అందువల్ల కండరం వారాలలో పుంజుకొంటే ఇవి నెలలు తీసుకొంటాయి. విరామం తరువాత కండర స్మృతి చలవతో వేగంగా వచ్చే బలానికి, వెనుకబడిన పట్టీలకు మధ్య సహజంగానే ఒక అంతరం ఏర్పడుతుంది. మందు ఆ అంతరాన్ని ఇంకా పెంచుతుంది. 2015లో 88 మంది వినియోగదారులను, 54 మంది వాడనివారిని విచారించగా, జీవితంలో ఒక్కసారైనా స్నాయుబంధనం తెగినవారు మొదటి జట్టులో 22 శాతం, రెండవ జట్టులో 6 శాతం ఉన్నారు.

పురుషులలో రొమ్ములు పెరగడం, మొటిమలు, జుట్టు రాలడం, నోటిమాత్రలవల్ల కాలేయం దెబ్బతినడం తెలిసిన విషయాలే. స్త్రీలలో బొంగురుపోయిన గొంతు మందు ఆపినా తిరిగి మామూలు కాదు. ఎదిగే వయస్సు పిల్లలలో ఎముకల చివర్లు త్వరగా మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుంది. హైస్కూలు పిల్లలు పొడవు పెరుగుదామని వ్యాయామశాలలో చేరి ఈ మందుల పాలబడడం ఎంత విపరీతమో ఊహించవచ్చు. ఒకే సూదిని పంచుకొంటే హెపటైటిస్ బి, సి, ఎయిడ్స్ సోకుతాయి.

డబ్బాలలో అమ్మే పొడులలో కూడా వీటి కల్తీ ఉండవచ్చు. 2000-2001లో 13 దేశాలలో కొన్న 634 పోషక ఉత్పత్తులను జర్మనీలో పరీక్షించగా 94 లో, అనగా సుమారు 15 శాతంలో, పైన రాయని హార్మోను పదార్థాలు దొరికాయి.

మరల ప్రారంభించే విధానం

అలవాటు తప్పిన కండరంపై మొదటి రోజునే పాత బరువు వేస్తే తంతువులు చిట్లి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీసే రాబ్డోమయోలిసిస్ అనే స్థితి కలుగవచ్చు. వ్యాయామం చేసిన ఒకటి రెండు రోజులలో తట్టుకోలేని నొప్పి, వాపుతోపాటు మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కొద్దిపాటి మొదటి సాధన మాత్రం కండరానికి టీకావలె పనిచేసి రెండవసారి నొప్పిని తగ్గిస్తుంది.

పూర్వం ఎత్తినదానిలో సగం గాని అంతకంటె తక్కువ గాని బరువుతో, వారానికి రెండు మూడు రోజులు, ఒక్కొక్క వ్యాయామం ఒకటి రెండు విడతలు చేయడం సాధారణంగా ఇచ్చే సలహా. అదే కండరానికి రెండు రోజుల విశ్రాంతి ఉండాలి. "ఇంకా చేయగలను" అనిపిస్తున్నప్పుడే ఆపడం మొదటి నెలకు సరిపోయే నియమం. నలభై దాటినవారు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, పూర్వం స్టెరాయిడ్లు వాడినవారు ముందుగా వైద్యుని చూడాలి. వాడిన సంగతి దాచకుండా చెప్పాలి. చెప్పకపోతే గుండె పరీక్ష, కాలేయ పరీక్ష చేయించాలనే ఆలోచన వైద్యునికి రాకపోవచ్చు.

ఆహారంలో మాంసకృత్తులు ముఖ్యం. భారతీయ వైద్య పరిశోధనా మండలి పెద్దలకు కిలో శరీరబరువుకు రోజుకు 0.83 గ్రాములు సిఫారసు చేసింది. బరువులెత్తేవారికి 1.6 గ్రాముల వరకు లాభం ఉంటుందని 2018లో 49 పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ తెలిపింది. మన భోజనంలో అన్నం పాలు ఎక్కువ, పప్పు పాలు తక్కువ. గుడ్లు, పెరుగు, సెనగలు, పెసలు, చేపలతో ఈ లోటు తీర్చుకోవచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు.

అన్ని పునరాగమనాలూ ఫలించవనేది కూడా సత్యం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం సాధించిన కరణం మల్లేశ్వరి, 2001లో తల్లి అయిన తరువాత మరల సాధన చేసి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ వరకు వెళ్ళారు. అక్కడ పోటీ పూర్తిచేయలేక, ఆపై విరమించారు. ఒలింపిక్ వేదికకు కావలసిన శిఖర బలం వేరు, ఆరోగ్యానికి, ఇంటిపనికి, ముదిమిలో కుర్చీలోనుండి లేవడానికి కావలసిన బలం వేరు. రెండవది దాదాపు అందరికీ తిరిగి వస్తుంది.

భారతదేశంలో చట్టం

ఔషధ, సౌందర్యసాధనాల నిబంధనలు 1945 లోని హెచ్ షెడ్యూలు ప్రకారం ఈ మందులు వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. వ్యాయామశాల శిక్షకునికి వీటిని ఇచ్చే, సూది వేసే అధికారం లేదు. క్రీడాకారుల పరీక్షలకై 2005లో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) ఏర్పడింది, 2022లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. ఆ సంవత్సరం భారతదేశం పరీక్షించిన 3,865 నమూనాలలో 125 దోషయుక్తంగా తేలాయి. పోటీలకు పోకుండా ఇంటి దగ్గరి వ్యాయామశాలలో బరువులెత్తేవారెవరూ ఈ పరీక్షల పరిధిలోకి రారు. అందుచేత వారిలో ఎందరు వాడుతున్నారో తెలిపే లెక్క ఈ గణాంకాలలో లేదు.